పేజీలో పట్టని మూడు లైన్లు

విషయసూచికలో చుక్కలు తీసేయమన్నప్పుడే ఆమెకు ఒళ్ళు మండింది. శీర్షికకీ పేజీ నంబరుకీ మధ్య వరుసగా సాగే ఆ చుక్కలంటే ఆమెకు పద్దెనిమిదేళ్ళ ఇష్టం. చదివేవాడి కన్ను దారి తప్పకుండా నంబరు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాయవి. కొత్తగా వచ్చిన ఎడిటరమ్మ వాటిని పాతకాలపు సరంజామా అని ఒక్క మాటలో కొట్టిపారేసింది.

"చుక్కలొద్దు. ప్రతి శీర్షిక కిందా ఒక వాక్యం ఉండాలి. లోపల ఏముందో చెప్పాలి, చదవాలనిపించాలి. ఉత్త పేర్లూ నంబర్లూ ఇస్తే అది విషయసూచిక కాదు, రైళ్ళ టైంటేబులు."

"వాక్యాలు ఎవరు రాసిస్తారండీ?"

"మీరే రాయండి. ఎక్కడ ఎన్ని అక్షరాలు పడతాయో మీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

ఆమె నీళ్ళు నమిలింది. ఎందుకు నమిలిందో ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ మాసపత్రికలో అరవై నాలుగు పేజీలూ కట్టేది ఆమే. అందుకే అందరూ పేజీలమ్మ అంటారు. అయితే ఆ పేజీల్లో ఏముందో ఆమె ఏనాడూ చదివిన పాపాన పోలేదు. పైగా అది గొప్పగా చెప్పుకునేది. చదవడం మొదలుపెడితే పని సాగదనీ, చదివే కంటికి ఖాళీ ఆనదనీ ఆమె సిద్ధాంతం. కథైనా, వ్యాసమైనా, ఎవరి చావు కబురైనా ఆమెకు ఇంత పొడుగూ ఇంత వెడల్పూ ఉన్న నల్లటి ముద్ద, అంతే. ముద్ద పేజీలో పట్టిందా, సరే. పట్టలేదా, కింద నుంచి రెండు మూడు లైన్లు తీసి పేజీ అంచు అవతలికి లాగేస్తుంది. కంప్యూటరు తెర మీద పేజీ చుట్టూ బూడిదరంగు ఖాళీ ఉంటుందే, అక్కడికి. ఎవరైనా ఆ లైన్లేవీ అని అడిగితే చూపించడానికి వాటిని చెరిపేది మాత్రం కాదు. ఇన్నేళ్ళలో అడిగిన నాథుడు లేడు.

శనివారం మధ్యాహ్నం ప్రూఫుల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు కామాగారు. ఆయన ప్రూఫులు దిద్దే పెద్దాయన. కామా ఒకటి తగ్గినా సొంత పన్ను ఊడినట్టు బాధపడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది.

"ఇన్నేళ్ళూ వడ్డించావు గాని ఉప్పు సరిపోయిందో లేదో చూడలేదు. ఇప్పుడు తప్పలేదమ్మా నీకు."

"మీరు చూస్తున్నారుగా బాబాయిగారూ, మళ్ళీ నేనెందుకు?"

"నేను చూసేవి తప్పులు. నిన్ను చూడమంటున్నది విషయం. రెండూ ఒకటి కావు."

పత్రిక సోమవారం అచ్చుకు వెళ్ళాలి. మొత్తం పందొమ్మిది శీర్షికలు. పేజీని నిలువునా రెండుగా చీల్చి, నంబర్లను ఎడమ పక్క పెద్దవి చేసి, వాటి పక్కన శీర్షిక, దాని కింద చిన్న అక్షరాల్లో వాక్యం వచ్చేలా చట్రం గీసుకుంది. వాక్యానికి అరవై అక్షరాలు మించకూడదు. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పావురాలు ఇంటి దారి ఎలా గుర్తుపడతాయో చదివి, ఓహో అనుకుంది. పాత తాళాలు బాగుచేసే ముసలాయన గురించి చదివి, సగంలో ఉండగా టీ చల్లారబెట్టుకుంది. ఇవన్నీ నా చేతుల మీదుగానే పోయాయా అని కొంచెం సిగ్గు కూడా పడింది.

ముప్ఫై ఎనిమిదో పేజీ దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. అది డాక్టరు జవాబులిచ్చే పేజీ. పైన ఎడిటరమ్మ ఎర్ర సిరాతో రాసింది: 'ఈ ఉత్తరం విషయసూచికలో అన్నిటికన్నా పైన రావాలి.'

'డాక్టరుగారూ, నేను స్కూలు బస్సు డ్రైవరును. ఎడమ కంటికి పక్క నుంచి వచ్చేవి ఆనడం లేదు. ఎదుట ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కది ఉన్నట్టుండి పుట్టుకొస్తుంది. ఇంట్లో నలక పడిందని చెప్తున్నాను. మా ఆవిడ జేబురుమాలు ఉండచుట్టి, నోటితో ఊది, వెచ్చగా కంటికి అద్దుతుంది. మా పాప బస్సులో ముందు సీట్లో నాకు ఎడమ పక్కన కూర్చుంటుంది. అటు ఏం వస్తోందో నాకు చెప్పడం దాని పని. అది ఆటనుకుంటోంది. దానికి తొమ్మిదేళ్ళు.'

కింద డాక్టరు జవాబు: 'పోయిన చూపు తిరిగి రాదు. మిగిలింది కాపాడుకోవాలి. బస్సు ఈరోజే ఆపండి. ఇది సలహా కాదు, హెచ్చరిక.'

అయ్యో పాపం అనుకుంది. మరుక్షణం పని గుర్తొచ్చి పెన్సిలు తీసి వాక్యం కట్టింది. 'కూతురి కళ్ళతో బస్సు నడిపే తండ్రి.' అక్షరాలు లెక్కపెట్టింది. అరవైలో సగం కూడా కాలేదు. చిన్న ముక్క, సూటిగా ఉంది. ఎడిటరమ్మ మెచ్చుకుంటుందని లోలోపల మురిసిపోయింది కూడా. వాక్యాన్ని చట్రంలో కూర్చోబెట్టి మరోసారి చూసుకుంటుంటే అప్పుడు జేబురుమాలు గుర్తొచ్చింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిన్నగాక మొన్న పొద్దున, బస్సు తీయడానికి బయల్దేరుతున్న మొగుణ్ణి గుమ్మంలో నిలబెట్టి కంటికి రుమాలు ఊది అద్దింది తనే. "ఈ నలకలన్నీ మీ కంట్లోనే పడతాయేంటండీ" అని వేళాకోళం చేసింది కూడా తనే. ఇంట్లో పాప రెండు మూడు నెలలుగా ఆడే ఆట ఒకటుంది. నాన్న పక్కన చేరి, ఎడమ పక్క కుర్చీ, ఎడమ పక్క పిల్లి, ఎడమ పక్క అమ్మ అని అరుస్తుంది. తను పగలబడి నవ్వేది.

ఉత్తరం మళ్ళీ చదివింది. అక్షరం కూడా మారలేదు. కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదంటారే, మొహం అలా పాలిపోయింది. కామాగారు కళ్ళజోడు పైనుంచి చూసి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు. ఆమె తల ఊపింది. అవుననో కాదనో ఆమెకే తెలియదు. ముప్ఫై మంది పిల్లలు ఆ బస్సులో, అందులో తన పిల్ల ఒకత్తి. సోమవారం పొద్దున ఆరున్నరకి బస్సు కదులుతుంది.

*

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి నిలదీయాలనే వెళ్ళింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. గుమ్మంలో అతన్ని చూసేసరికి పేర్చుకున్నవన్నీ కూలిపోయాయి. అతను పాప చెప్పులకి తెగిన పట్టీ కుడుతున్నాడు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కించాడు. ఎదుటిది కనిపిస్తుందని రాశాడుగా మరి. ఒకవేళ ఆ ఉత్తరం ఇంకెవరిదో అయ్యుండొచ్చని ఒక ఆశ పుట్టింది. ప్రపంచంలో డ్రైవర్లు ఎంతమంది లేరు, ఆడపిల్లలు ఎంతమంది లేరు.

భోజనాలప్పుడు అతని మంచినీళ్ళ గ్లాసు ఎప్పుడూ పెట్టే చోట పెట్టకుండా ఎడమ మోచేతికి కాస్త వెనగ్గా పెట్టింది. అలా పెడుతుంటే తన మీద తనకే రోత పుట్టింది. అతను నాలుగు ముద్దలు తిన్నాక చెయ్యి కుడి పక్కకి చాచాడు. గ్లాసు లేదు. ఎదురుగా చూశాడు. లేదు. అడగలేదు. మెల్లగా తలంతా తిప్పి వెతకబోయాడు. ఈలోగా మోచెయ్యి తగిలి గ్లాసు ఒరిగింది.

"ఎడమ పక్క గ్లాసు, నాన్నా. ఆలస్యంగా చెప్పాను, నాకో పాయింటు పోయింది," అంది పాప.

తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు. ఆమె గుడ్డ తెచ్చి నీళ్ళు తుడుస్తూ కూర్చుంది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. అప్పుడు గమనించింది, బల్ల దగ్గర అతను కూర్చునే చోటు మారింది. ఇదివరకు కిటికీ పక్కన కూర్చునేవాడు. ఇప్పుడు ఎడమ పక్క గోడ వచ్చేలా కూర్చుంటున్నాడు. ఎప్పుడు మారాడో ఆమెకు తెలియదు. ఒకే కప్పు కింద పన్నెండేళ్ళుగా ఉంటున్న మనిషి కుర్చీ మార్చుకుంటే చూడలేదు తను.

ఆశ అక్కడితో చచ్చింది. దాని స్థానంలో కోపం లేచింది. కట్టుకున్నదాన్ని పక్కన పెట్టి, ముక్కూమొహం తెలియని డాక్టరుకి ఉత్తరం రాస్తాడా. అదీ తను పనిచేసే పత్రికకే. తను చదవదని తెలుసు కాబట్టి అంతకంటే భద్రమైన చోటు దొరకలేదన్నమాట. తలచుకున్న కొద్దీ ఒళ్ళు ఉడికిపోయింది. పాప ముందు నోరు విప్పలేదు. పాప పడుకున్నాక అతనూ పడుకున్నాడు. ఆమె మాత్రం గోడ వైపు తిరిగి తెల్లవారేదాకా కళ్ళు తెరుచుకునే ఉంది.

*

ఆదివారం పొద్దున అతను బస్సు కడుగుతాడు. సందు చివర ప్రహరీ గోడ వారగా ఉంటుంది బస్సు. పాపని పక్కింట్లో వదిలి ఆమె అక్కడికి వెళ్ళింది. బస్సు చుట్టూ ఒకసారి తిరిగింది. కుడి పక్క అద్దంలా ఉంది. ఎడమ పక్క వెనక చక్రం పైన మూరెడు పొడుగున కొత్త రంగు మెరుస్తోంది. కింద మెట్టు దగ్గర ఇంకో చోట కూడా వేశాడు. చెయ్యి పెట్టి తడిమింది. రంగు కింద సొట్ట తగిలింది. పిల్లలెక్కే మెట్టు అది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

అతను తడిగుడ్డ పిండుతూ ఆగాడు. "ఏది?"

"కన్ను."

అతను బకెట్లోకి చూశాడు. మొహంలో కంగారు లేదు, దొరికిపోయిన దొంగ చూపు అంతకన్నా లేదు. అదే ఆమెను ఇంకా మండించింది.

"నీకు తెలుసుగా," అన్నాడు నెమ్మదిగా.

"నాకెలా తెలుస్తుంది? నిన్న మధ్యాహ్నం దాకా నాకేమీ తెలీదు. ఊరందరికీ అచ్చువేసి మరీ చెప్పుకున్నారు. పెళ్ళానికి చెప్పడానికి నోరు రాలేదా? నా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, దాని కళ్ళు అరువు తీసుకుని నడుపుతారా? మనిషేనా మీరు?"

"నీకే చెప్పాను. మూడుసార్లు."

"ఎప్పుడు చెప్పారు? కలలోనా?"

"మొదటిది మూడు నెలల కిందట. తర్వాత ఇంకోటి. ఇప్పుడు ఇది. డాక్టరు పేరు పెట్టి రాశాను గాని రాసింది నీకే. చివర్న నీకే రాశాను."

"చివర్న ఏమీ లేదు. నిన్న రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్ళ పాప దగ్గర అయిపోయింది."

అతను గుడ్డ బస్సు మెట్టు మీద ఆరేశాడు. తొందరపడలేదు. అంచులు సరిచేశాడు. ఆ తర్వాత ఆమె కేసి తిరిగాడు. తలంతా తిప్పి చూశాడు.

"లేదు. నువ్వు తీసేశావు కాబట్టి లేదు. మొదటిసారి పత్రిక ఇంటికి తెచ్చినప్పుడు ఆ పేజీయే ముందు తెరిచాను. ఉత్తరమంతా ఉంది. నీకు రాసిన మూడు లైన్లూ లేవు. రెండో నెలా అంతే. ఆ పేజీ నువ్వు కాక ఇంకెవరు కడతారు?"

ఆమె మెట్టు మీద ఆరేసిన గుడ్డ తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"చదివి, ఆలోచించుకుని తీసేశావనుకున్నాను. దాని గురించి మాట్లాడొద్దు, నడిపినన్నాళ్ళు నడపమన్నావనుకున్నాను. బస్సు దిగితే నేను ఇంకో పనికి పనికిరాను, అది నీకూ తెలుసు. ఇల్లు గడవాలని అలా చేశావనుకున్నాను. తప్పు పట్టలేదు నిన్ను."

"నేను చదివి... చదివి కూడా ఊరుకున్నాననుకున్నారా?"

"చదవకుండా ఎలా తీస్తారు ఎవరైనా?"

అడిగినవాడు నిజంగా తెలియకే అడిగాడు. పన్నెండేళ్ళలో అతని దగ్గర ఎన్నోసార్లు చెప్పింది, నేను చదవను, నాకు కనిపించేది ముద్ద అని. భర్త దాన్ని ఒక వేళాకోళం మాటగా తీసుకున్నాడు. ఎవరైనా అలాగే తీసుకుంటారు. రోజంతా అక్షరాల మధ్య కూర్చునే మనిషి అక్షరం చదవదంటే నమ్మేదెవరు?

"నాతో చెప్పొచ్చుగా," అంది.

"కూర్చుని చెబుదామనే అనుకునేవాణ్ణి. నువ్వు రుమాలు పట్టుకుని ఊదుతుంటే నోరు లేచేది కాదు." అతను బకెట్టు ఎత్తి నీళ్ళు కాలవలో పారబోశాడు. "ఈ నెలది అచ్చయిపోయిందా?"

"ఇంకా లేదు. రేపు."

"అయితే వెళ్ళి చూడు," అన్నాడు.

*

ఆదివారమైనా ఆఫీసు తెరిచే ఉంది. అచ్చుకు ముందు రోజు ఎప్పుడూ అంతే. కామాగారు ఒక్కడే కిటికీ దగ్గర చివరి ప్రూఫులు చూసుకుంటున్నాడు. ఎడిటరమ్మ ఫోను చేసి విషయసూచిక పన్నెండింటికల్లా కావాలందని చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. సంచి భుజాన ఉండగానే కంప్యూటరు ముందు కూర్చుంది.

ముందు రెండు నెలల కిందటి సంచిక తెరిచింది. ముప్ఫై ఎనిమిదో పేజీ. చక్కగా కుదిరిన పేజీ, ఎక్కడా లైను పొంగలేదు, కింద అంచు తాడు పట్టి గీసినట్టుంది. అప్పట్లో ఆ పేజీ చూసి తృప్తిపడిన సంగతి కూడా గుర్తుంది. డాక్టరు జవాబు ఇప్పుడు మొదటిసారి చదివింది. 'ఇది తొలిదశ. ఈ వారంలోనే పరీక్ష చేయించుకుంటే చూపు నిలబెట్టవచ్చు.' ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. తెర మీది బాణాన్ని పేజీ అంచు దాటించి బూడిదరంగు ఖాళీలోకి జరిపింది.

అక్కడున్నాయి, తను లాగి పడేసినవి పడేసినట్టే.

'డాక్టరుగారికి కాదు, ఈ ఉత్తరాన్ని పేజీలో పెట్టేవారికి ఒక మనవి. ఒక్కసారి పూర్తిగా చదవండి. ఆస్పత్రికి వెళ్ళమంటే వెళ్తాను, బస్సు ఆపమంటే ఆపేస్తాను. నోటితో అడగలేక రాస్తున్నాను.'

ఉత్తరాలు టైపు చేసే అమ్మాయికి ఇందులో వింతేమీ తోచి ఉండదు. కోయకండి, పూర్తిగా వేయండి అని బతిమాలే పాఠకులు నెలకి పదిమంది ఉంటారు. కామాగారి చేతికి ప్రూఫు వెళ్ళేది ఆమె కోసిన తర్వాతే. ఆ మూడు లైన్లూ ఎవరికోసమో తెలుసుకోగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే.

రెండో నెల సంచిక తెరిచింది. అంచు అవతల నాలుగు లైన్లు.

'పోయిన నెల నేను రాసింది మీరు తీసేశారు. కోపంతో తీసేశారో, భయంతో తీసేశారో తెలియలేదు. ఇంట్లో ఎప్పటిలాగే నవ్వుతూ ఉన్నారు. ఇంకొక్కసారి అడుగుతున్నాను.'

నవ్వుతూ ఉన్నారట. అవును, ఉంది. ఎడమ పక్క అమ్మ అని పాప అరుస్తుంటే పగలబడి నవ్వింది. ఆ నవ్వుని అతను తన ఉత్తరానికి జవాబు అనుకున్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమ్మా, ఏమైంది?" కామాగారు లేచి వచ్చాడు. "నిన్నటి నుంచీ చూస్తున్నాను, మనిషివి మనిషిలా లేవు."

"ఈ డ్రైవరు మా ఆయన, బాబాయిగారూ."

ఆయన తెర మీదికి వంగాడు. ఉత్తరం ఆయనకు తెలుసు. మూడు నెలలుగా దానికి కామాలు పెట్టింది ఆయనే. అంచు అవతలి లైన్లు మాత్రం ఇప్పుడే చూశాడు. ఒకసారి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఇక ఈ నెలది. రేపు అచ్చుకు వెళ్ళాల్సింది. గురువారం మధ్యాహ్నం కట్టిన పేజీ అది. ఆ వేళ డాక్టరు ఫోటో కింద ఒక బొమ్మ పెట్టాలనిపించింది, కన్నూ రెప్పలూ ఉన్న అందమైన బొమ్మ. బొమ్మ పెడితే మేటరు పొంగింది. అందుకని కింద నుంచి మూడు లైన్లు తీసింది. అంతా కలిపి అర నిమిషం పని. బాణం అంచు దాటింది.

'ఇక అడగను. ఇదే చివరిసారి. నన్ను బస్సు దిగమంటే ఈ మూడు లైన్లూ పేజీలో ఉంచండి. నడపమంటే ఎప్పటిలాగే తీసేయండి. మీరు ఏం చేసినా నాకు సమ్మతమే.'

ఆమె గురువారమే జవాబిచ్చేసింది. నడపమని.

కామాగారు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "రేపు ఇలాగే అచ్చయిపోతే..." అన్నాడు.

ఆమె ఆ కంటి బొమ్మని పట్టుకుని సగానికి కుదించింది. చాలలేదు. మొత్తం తీసేసింది. పేజీలో ఖాళీ ఏర్పడింది. అంచు అవతల ఉన్న మూడు లైన్లనీ పట్టుకుని లోపలికి లాగింది. రెండుసార్లు జారిపోయాయి. మూడోసారికి 'దానికి తొమ్మిదేళ్ళు' కింద వచ్చి కూర్చున్నాయి. విషయసూచిక తెరిచి, నిన్న మురిసిపోతూ రాసుకున్న వాక్యాన్ని చెరిపేసింది. ముప్ఫై ఎనిమిది అనే నంబరు పక్కన, 'ఒక డ్రైవరు ఉత్తరం' అని రాసి ఊరుకుంది.

అప్పుడు ఫోను తీసింది. అవతల రెండో మోతకే ఎత్తాడు. సందులో పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"లోపల పెట్టాను," అంది.

"ఏవి?"

"మూడు లైన్లూ."

పిల్లల గోల మధ్య అతని గొంతు వచ్చింది. అంత తేలిగ్గా ఉన్న ఆ గొంతు ఆమె విని చాలా నెలలైంది.

"అయితే బస్సు తాళంచెవి ఇప్పుడే ఇచ్చేసి వస్తాను," అన్నాడు.